1789లో మా పక్క ఊరు

రెండువేల సంవత్సరం మార్చిలో నాకు పద్దెనిమిదో శతాబ్దపు ఆఖరి ముప్పై ఏళ్ళు అప్పగించారు.

అప్పటికి నేను సింగపూరు వచ్చి ఏడాదిన్నర. కంప్యూటర్లలో రెండంకెలుగా ఉన్న సంవత్సరాలను నాలుగంకెలుగా మార్చే పని మీద మావాళ్ళు చాలామంది వచ్చారు. ఆ జనవరి ఒకటో తారీఖు ఏ గొడవా లేకుండా గడిచిపోయింది, దాంతో మా అవసరమూ తీరిపోయింది. కొందరు తిరిగి వెళ్ళిపోయారు. నన్ను మాత్రం బడిపిల్లల కోసం వెబ్‌సైటు కడుతున్న ఒక చిన్న కంపెనీ తీసుకుంది. ఇప్పుడు కంపెనీల పేటగా మారి వన్-నార్త్ అంటున్నారే, ఆ చుట్టుపక్కలే మా ఆఫీసు. సైటులో చరిత్ర విభాగం ఉండేది. ఒక్కో సంవత్సరానికి ఒక్కో పేజీ. ఆ ఏడు ప్రపంచంలో ఏం జరిగిందో పది వాక్యాల్లో చెప్పాలి. ప్రోగ్రాములు రాయడానికి వచ్చినదాన్ని, చరిత్ర రాయడమేమిటని అడగలేదు. వీసా నిలిస్తే చాలనుకున్నాను.

1789 వంతు వచ్చినప్పుడు సంబరపడ్డాను. ఆ ఒక్క సంవత్సరం నాకు కంఠతా వచ్చు. కాకినాడలో తొమ్మిదో తరగతి సోషల్ మాస్టారు మా క్లాసు మొత్తం చేత వల్లె వేయించారు. పారిస్‌లో జనం బాస్టిల్ కోట మీద పడ్డారు. న్యూయార్కులో అమెరికా మొదటి అధ్యక్షుడు ప్రమాణం చేశాడు. దక్షిణ సముద్రాల్లో ఒక ఓడ మీద నావికులు తిరగబడి, కెప్టెన్‌ని చిన్న పడవలోకి దించి వదిలేశారు. ఇవన్నీ గబగబా టైపు చేసేశాను.

మా టీమ్ లీడ్ చైనీస్ ఆవిడ, నాకంటే పదేళ్ళు పెద్ద. పేజీ చూసి, "ఆసియా ఏది? మన పిల్లలు చదివేది కదా. రెండు లైన్లు పెట్టు లా" అంది, మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే ఆ 'లా'తో.

లైబ్రరీకి వెళ్ళాను. మైసూరు సుల్తాను తిరువాన్కూరు గోడల మీదికి సైన్యాన్ని నడిపించింది ఆ డిసెంబరులోనే అని దొరికింది. ఇంకో వాక్యం కోసం మద్రాసు ప్రెసిడెన్సీ రేవుల గురించిన ఒక పాత పుస్తకం తిరగేశాను. అందులో కోరంగి పేరు కనపడింది. అదే డిసెంబరులో కోరంగి రేవు మీదికి సముద్రం మూడు అలలుగా వచ్చిందట. మొదటి అల రేవులోని ఓడలను ఒడ్డుకు ఎత్తి పడేసింది. తర్వాతి రెండూ ఊరినీ, ఊరి వెనకాల పొలాలనూ ముంచేశాయి. ఇరవై వేలమంది పోయారని రాసి ఉంది.

ఆ పేజీ మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కోరంగి కాకినాడలో మా ఇంటి నుంచి గంట లోపు బస్సు ప్రయాణం. చిన్నప్పుడు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు వెళ్ళామో. మా మాస్టారు పారిస్‌లో కోట గోడ ఎంత మందమో చెప్పారు గానీ, అదే ఏడు మా పక్క ఊరు నీళ్ళలో కలిసిపోయిందని చెప్పలేదు. ఆయనకీ తెలియదేమో.

"ఒక్క పుస్తకం చాలదు. రెండో ఆధారం తీసుకురా" అంది లీడ్.

ఆ ఆదివారం లిటిల్ ఇండియాలో ఫోన్ కార్డు కొని, బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేశాను. వెనక క్యూ. రోడ్డు నిండా పనివాళ్ళు. నా మాట నాకే వినపడక అరుస్తున్నాను.

"కోరంగి అమ్మా, కోరంగి! ఉప్పెన గురించి అమ్మమ్మ ఎప్పుడైనా చెప్పిందా?"

"ఏ ఉప్పెనే? ఆదివారం పూట ఫోన్ చేసి చావుల గురించి అడుగుతావేంటే? తిన్నావా లేదా?"

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి ఒక ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుంది. పొట్టి మనిషి, నూలు చీర, చేతిలో కూరగాయల సంచి. ఎనభై ఏళ్ళకు దగ్గర్లో ఉంటుంది. క్యూలో ఆమె లేదు. దారిన పోతూ ఆగినట్టుంది.

"పాపా, కోరంగి అన్నావా నువ్వు?"

"అవునండీ. ఆంటీ, మీది తెలుగా?"

"మేం కోరంగోళ్ళం" అంది.

ఆమె ఎప్పుడూ ఇండియా చూడలేదు. మలయాలో, అంటే ఇప్పటి మలేసియాలో, కొబ్బరి ఎస్టేటులో పుట్టింది, పెళ్ళయ్యాక సింగపూరు వచ్చింది. ఆమె తెలుగులో సగం అరవం, అక్కడక్కడా మలయ్ మాట. అయినా కొన్ని మాటలు మా అమ్మమ్మ నోట తప్ప ఇంకెక్కడా విననివి. ఆవిడ ఫ్లాటు ఆ పక్క సందులోనే. "మకాన్ అయ్యిందా?" అంటూ తిన్నానో లేదో అడిగి, నా జవాబు వినకుండానే వెంటబెట్టుకుపోయింది. ఇంట్లో ఆమె కూతురు, యాభై దాటిన మనిషి, ఆస్పత్రిలో నర్సు, నాకు మజ్జిగ ఇచ్చి, "అమ్మ ఎవర్నయినా ఇట్లే తీసుకొస్తుంది" అని నవ్వింది.

"మా అవ్వ చెప్పేది. కడల్ మూడుసార్లు వచ్చింది" అంది ముసలావిడ. "మొదటిది పోయాక అందరూ కిందికి దిగినారు, సామాన్లు ఏరుకోడానికి. అప్పుడు రెండోది. రెండోది పోయాక పిలుస్తా తిరిగినారు, పేర్లెట్టి. ఆ పిలుపులు విని దాక్కున్నోళ్ళు బయటికొచ్చినారు. అప్పుడు మూడోది."

నేను ఏ పుస్తకంలోనూ చదవని సంగతి అది.

"అందుకే మా ఇంట్లో ఏడాదికి ఒక రోజు ఎవుర్నీ పేరెట్టి పిలవం. మార్గశిరంలో. మా అవ్వ ఆ రోజు నోరు మూసుకునేది. పిలిస్తే ఆ పోయినోళ్ళు కూడా వస్తారు కదా. మన పేర్లే కదా వాళ్ళవీ."

కూతురు గిన్నెలు సర్దుతూ, "చిన్నప్పుడు నాకు చాలా భయం ఆ రోజంటే" అంది. ఇప్పుడు భయం లేదని మాత్రం అనలేదు.

రెండో ఆధారం పది రోజులకు దొరికింది. అందులో చచ్చినవాళ్ళ లెక్క లేదు, మూడు అలలు మాత్రం ఉన్నాయి. లీడ్ ఒప్పుకుంది. పేజీలో చివరి వాక్యంగా కోరంగి చేరింది. అచ్చు తీసి ముసలావిడకు తీసుకెళ్ళాను. ఆమెకు అరవం తప్ప చదవడం రాదు. నేనే ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ పోయాను. ఫ్రాన్సు రాజు పేరు, అమెరికా అధ్యక్షుడి పేరు, ఓడ కెప్టెన్ పేరు, ఆ మీద సుల్తాను పేరు. చివరికి కోరంగి, మూడు అలలు, ఇరవై వేలమంది.

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది.

"వాళ్ళకందరికీ పేర్లున్నాయే. మనోళ్ళవేవి?"

"ఎవరికీ తెలియవు కదా ఆంటీ."

"నాకు తెలుసు" అంది.

కూతురు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముసలావిడ నా చెవి దగ్గరికి జరిగి ఒక్కొక్కటే చెప్పింది. బిగ్గరగా పలకలేదు. తొమ్మిది పేర్లు. వాళ్ళ అవ్వ నోటి నుంచి ఆమెకు, ఆ అవ్వకు వాళ్ళ అవ్వ నోటి నుంచి. చాలా మామూలు పేర్లు. నా క్లాసులో ఉన్నవి, మా చుట్టాల్లో ఉన్నవి, మా అమ్మదీ ఒకటి. తొమ్మిది అయ్యాక ఆగి, రెండు అరచేతులూ మూరెడు ఎడంగా పట్టి చూపించింది. "ఇంకోటి. అప్పుడే పుట్టింది. ఇంకా పేరు పెట్టలా."

వెబ్ పేజీ వెనక చూసేవాళ్ళకు కనపడని రాత ఒకటి ఉంటుంది. ప్రోగ్రామర్లు తమకోసం గుర్తులు రాసుకునే చోటు. మర్నాడు ఆఫీసులో ఆ తొమ్మిది పేర్లూ అక్కడ రాశాను. పదో వరుస ఖాళీగా వదిలేశాను. ఎందుకు చేశానో అప్పుడు అడిగినా చెప్పలేకపోయేదాన్ని. ఆ పేర్లు నాలోనే ఉంచుకోవడం నా వల్ల కాలేదు, అంతే.

వారం తర్వాత లీడ్ నన్ను పిలిచింది. తెర మీద ఆ పేజీ వెనక భాగం తెరిచి ఉంది.

"ఇవేమిటి?"

చెప్పాను. చివాట్లు తప్పవనుకున్నాను. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుని, పెదవులు కదుపుతూ ఆ పరాయి పేర్లు ఒక్కొక్కటే చదివింది. ఖాళీ వరుస దగ్గర వేలు పెట్టి నావైపు చూసింది. ఆ సంగతీ చెప్పాను.

"పేజీకి ఏం నష్టం లేదు కదా. ఉండనీ" అంది. ఆ రోజు ఆమె పెందలాడే ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను సరిగా లేను. బస్సులో కూర్చుంటే ఆ పేర్లు వరుసగా వచ్చేవి. ఒకటి మరిచిపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టేదాన్ని. అమ్మకు ఫోన్ చేసినప్పుడు పక్కింటావిడ ఆమెను పేరుపెట్టి పిలవడం వినపడితే రిసీవరు చెవికి దూరంగా పెట్టేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద, ఆ జనంలో, ఎవరో శ్రీకాకుళం యాసలో ఒక పేరు గట్టిగా కేకేశారు. నా తొమ్మిదింటిలో మూడో పేరు. నా ముందు నడుస్తున్న మనిషి గిరుక్కున తిరిగి, "ఆఁ, వస్తన్నాను" అన్నాడు. సిమెంటు మరకల చొక్కా, నవ్వు మొహం. నన్ను రాసుకుంటూ వెనక్కి వెళ్ళాడు. నేను అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఎవరో మంచినీళ్ళ సీసా ఇచ్చారు.

మరుసటి ఏడాది కంపెనీ మూతపడింది. అలాంటి కంపెనీలు అప్పట్లో వరసగా మూతపడ్డాయి. సైటు కూడా తీసేశారు. నాకు బ్యాంకు కంప్యూటర్ల పని దొరికింది. మధ్యలో మూడు వారాలు ఖాళీ వస్తే ఇంటికి వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా ఒక పొద్దున్న కోరంగి బస్సెక్కాను.

నేనేం చూడాలనుకున్నానో నాకే తెలియదు. బస్సు దిగితే రోడ్డు, కొట్లు, సైకిళ్ళు, బడికి పోతున్న పిల్లలు. ఒకవైపు మడ అడవి. సముద్రం ఎక్కడా కనపడలేదు. రేవు ఎప్పుడో పూడిపోయిందట. టీకొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. కొట్టావిడ గ్లాసు అందిస్తూ, "ఎవరింటికొచ్చారండీ?" అంది.

జవాబు నోటిదాకా వచ్చింది. తొమ్మిదిలో ఏదో ఒక పేరు. అది పలికితే ఆమె నిజంగానే చెయ్యి చాపి ఇల్లు చూపిస్తుందనిపించింది. అలాంటి పేర్లవాళ్ళు ఆ ఊళ్ళో ఉండకపోరు.

"ఎవరింటికీ కాదండీ. ఊరికే" అన్నాను.

"ఊరికే ఎవరొస్తారండీ ఇక్కడికి?" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. టీ తాగి, తర్వాతి బస్సుకే తిరిగి వచ్చేశాను.

సింగపూరు వచ్చాక ముసలావిడ దగ్గరికి వెళ్ళాను. కోరంగి చూసొచ్చానంటే మొదట ఆమెకు అర్థం కాలేదు. ఆ ఊరు ఇప్పటికీ నీళ్ళ కిందే ఉందని ఆమె నమ్మకం. ఎనభై ఏళ్ళుగా అలాగే నమ్మింది.

"అక్కడ మనుషులున్నారా?"

"ఉన్నారు ఆంటీ. ఇళ్ళున్నాయి, బడి ఉంది. బస్సు ఆగుతుంది."

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహం ఎర్రబడింది.

"ఎవరి మీద కట్టుకున్నారో తెలుసా వాళ్ళకి?"

"తెలియదనుకుంటా."

"నువ్వు చెప్పలేదా?"

"లేదు ఆంటీ."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. కూతురు నన్ను లిఫ్టు దాకా సాగనంపుతూ, "తప్పుగా అనుకోకండి, పెద్దావిడ" అంది. ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. మజ్జిగ ఇచ్చారు, బ్యాంకు ఉద్యోగం గురించి అడిగారు. కోరంగి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ ఏడాది వానాకాలంలో ఆమె పోయింది.

నేను సింగపూరులోనే పుంగ్గోల్‌లో ఇల్లు తీసుకుని చాలా ఏళ్ళయింది. కాకినాడ వెళ్ళినప్పుడల్లా ఈసారి ఆ టీకొట్టు దాకా వెళ్ళి, కొట్టావిడకు చెప్పి రావాలనుకుంటాను. ఇప్పటిదాకా వెళ్ళలేదు.