కుర్చీలోంచి పెట్టిన చుక్కలు

నిన్న విజయనగరం మార్కెట్లో ఒకామె అరటి దవ్వ కోస్తోంది. ఆ పచ్చి పసరు వాసన ముక్కుకు తగలగానే నా అరచేతులకు చెమట పట్టింది. సాలూరు అవతల కొండల అడుగున విరిగిపడిన అరటితోట, నా మణికట్టు పట్టుకున్న నరసమ్మ మేడమ్ చెయ్యి గుర్తొచ్చాయి.

అప్పలనరసమ్మ గారు ఎమ్మెస్సీ భూగోళశాస్త్రంలో మాకు గణాంక పద్ధతులు చెప్పేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. పాఠం పుస్తకాల భాషలోనే సాగేది గాని, కోపం వస్తే సొంత ఊరి మాట బయటికొచ్చేది. ఆవిడ నోట 'ఏటి' అన్న మాట వినబడితే తరగతి ఊపిరి బిగబట్టేది. నేను సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టినదాన్ని. లెక్కలంటే భయం, ఆవిడంటే ఇంకా భయం. మొదటి వారంలోనే నన్ను పిలిచి, బల్లమీద గ్రాఫు కాగితం పరిచి, పిడికెడు ఉలవలు చల్లమన్నారు. చల్లాను. ఒక మూల గుంపుగా పడ్డాయి, ఇంకో మూల ఒక్కటీ లేదు. "చూశావా రత్నం, వాటంతటవి పడితే ఇలాగే పడతాయి. సమానంగా సర్దేది మనిషి ఒక్కడే" అన్నారు.

రెండో ఏడాది ఒడిశా వైపు నుంచి ఏనుగుల గుంపు దిగింది. అవి ఎక్కడెక్కడ పంట తొక్కాయో ఊరూరా అడిగి, ఆ చోట్లను ఫోనులో గుర్తించి పటం తయారుచేయడం నా ప్రాజెక్టు. ఆ పటం చూసి అటవీశాఖ వాళ్ళు కాపలా మనుషులను పెడతారు. రోడ్డు పక్క ఊళ్ళన్నీ తిరిగాను. కొండ అడుగున చిన్న పల్లెలు మిగిలాయి. అక్కడికి వెళ్ళే బాట మొదట్లో, బురదలో పళ్ళెమంత అడుగు ఒకటి కనబడింది. దాని అంచు ఇంకా తడిగానే ఉంది. వెనక్కి తిరిగి వచ్చేశాను. హాస్టల్లో కుర్చీలో కూర్చుని, ఆ పల్లెల చుట్టూ నాకు తోచినచోట పదకొండు చుక్కలు పెట్టి, పటం మేడమ్‌కి ఇచ్చేశాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మేడమ్ తన గదికి పిలిచారు. ఒక్కో చుక్కకు అతి దగ్గరలో ఉన్న చుక్క ఎంత దూరమో కొలిచి, చుక్కలు వాటంతటవి పడితే ఎంత ఉండాలో దానితో పోల్చే లెక్క ఒకటుంది. ఆవిడ అది చేసి చూశారు. రోడ్డు పక్క చుక్కలు గుంపులుగా ఉన్నాయి. కొండ కింద పదకొండూ నాటు వేసినట్టు సమాన దూరంలో ఉన్నాయి.

"ఇవేటే రత్నం? ఎల్లావా?"

తల అడ్డంగా ఊపాను.

ఆవిడ తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను ఆటో ఎక్కించుకుని ఆ పల్లెల్లో ఒకదానికి బయల్దేరారు. చివరి ఇంటి వెనక గోడ కూలిపోయి ఉంది. పక్కన అరటితోట నేలమట్టం. మేం వచ్చిన పని చెబితే ఆ ఇంటి ముసలమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"నాలుగు దినాలయిందమ్మా గోడ కూల్సీసి. మాకాడికి ఎవులొచ్చి అడిగినారు? మా ముసిలోడు అదురుకుని మంచం దిగనేదు."

నా పటంలో ఆ ఇంటి దరిదాపుల్లో ఒక్క చుక్కా లేదు. అది అలాగే అటవీశాఖకు వెళ్ళి ఉంటే కాపలా వేరేచోట ఉండేది.

తిరిగి రోడ్డువైపు నడిచి వస్తుంటే తోట అవతల ఫటేలుమని ఏదో విరిగింది. ఆకుల మధ్య బూడిద రంగు వీపు ఒకటి మెల్లగా కదిలింది.

"కదలకే" అని గుసగుసగా అంటూ మేడమ్ నా మణికట్టు పట్టుకున్నారు. ఆ చెయ్యి వణుకుతోంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. ఆ వీపు కొండవైపు తిరిగి కనుమరుగయ్యాక అడుగులో అడుగు వేసుకుంటూ రోడ్డెక్కాం.

"మీకూ భయమేసిందా మేడమ్?"

"బయం నేకపోతే మనిషినేటే? ఎల్లడానికి బయమేస్తందని సెప్పుంటే నీ కూడా నానొచ్చేదాన్ని కదే. అబద్దమెందుకే?"

అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఆపమనలేదు.

ఆ పదకొండు చుక్కలూ నా చేతే చెరిపించారు. ఆ తర్వాత ఇద్దరం కలిసి మిగిలిన పల్లెలన్నీ తిరిగాం. దారి మూసుకుపోయిన ఒక్కచోట మాత్రం పటం మీద 'ఇక్కడికి వెళ్ళలేదు' అని రాయించారు. ముసలమ్మ పల్లెకు ఇద్దరు కాపలావాళ్ళు వచ్చారు. ప్రాజెక్టుకు నాకు మార్కులు తక్కువే పడ్డాయి. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు.

మేడమ్ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు నేనొక ఆఫీసులో, ఇతరులు తిరిగి గుర్తించి పంపిన చోట్లతో పటాలు గీస్తాను. ఏ పటం చేతికొచ్చినా ముందు ఆ లెక్క వేస్తాను. తర్వాత ఫోన్ చేసి, నిజంగా వెళ్ళారా, భయపడ్డ చోటేమైనా ఉందా అని అడుగుతాను. వెళ్ళామనే అంటారు అందరూ. ఫోన్ పెట్టేశాక ఆ పటం వంక చూస్తూ కూర్చుంటాను. మేడమ్ నన్ను పట్టుకోగలిగారు. వీళ్ళలో ఒకరిని నేను పట్టుకోలేకపోతే, ఏ ఇంటి గోడ పడుతుందో. అనుమానం మిగిలిన చోటికి నేనే వెళ్ళి చూసొచ్చేదాకా పటం మీద సంతకం చేయను.