రోగి మంచం మీద హెడ్ నర్సు

ఆ చిన్న ఊరి ఆసుపత్రిలో హెడ్ నర్సుని చాటుగా అందరూ ‘ఎందుకమ్మ’ అంటారు. కొంగ ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుందని అడిగి అడిగి చిన్నప్పుడు వాళ్ళ నాన్న బుర్ర తినేసిందట. తల నెరిసినా ఆ గుణం పోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధులు పుడకలతో గానీ పోవంటారు కదా.

ఒకరోజు మేనేజరు ఆవిడని పిలిచాడు.

“ఓవర్‌టైము ఖర్చు తడిసి మోపెడవుతోందమ్మా. పోనీ పని చకచకా అవుతోందా అంటే అదీ లేదు. ఒక నర్సుని తగ్గించక తప్పదు.”

“ఉన్నవాళ్ళకే ఊపిరాడట్లేదండీ. ఒక్క నెల ఆగండి, ఎందుకిలా అవుతోందో చూస్తాను.”

చూస్తే, నర్సులెవరూ కాళ్ళు బారజాపుకుని కూర్చోవడం లేదు. మందులిస్తుండగా ఎవరో రోగి మంచం దగ్గరి గంట మోగిస్తాడు, పరుగెత్తుతారు. తిరిగొచ్చేసరికి మరో గంట. రాయవలసిన కాగితాలు డ్యూటీ అయ్యాక రాసుకుంటారు. అదే ఓవర్‌టైము. మరి రోగులు అన్నిసార్లు ఎందుకు పిలుస్తున్నారు? ఎంతకీ అంతుపట్టక, మర్నాడు ఖాళీ మంచం చూసుకుని, చెప్పులు విప్పి, దుప్పటి కప్పుకుని పడుకుంది.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు కంగారుపడ్డాడు. “ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?”

“గుండ్రాయిలా ఉన్నానండీ. ఇక్కణ్ణుంచి లోకం ఎలా ఉంటుందో చూస్తున్నా.”

పక్క మంచం మీద, కాలు విరిగిన లారీ డ్రైవరు పకపకా నవ్వాడు. “చెయ్యి చాపి చూడండి సిస్టర్, మంచినీళ్ళు అందుతాయేమో!”

అందలేదు. నీళ్ళ బల్ల కాళ్ళ దగ్గరుంది. ఫ్యాను స్విచ్చి గుమ్మం పక్కన. తోడు వచ్చినవాళ్ళు పగలంతా పొలం పనులకి పోతారు. డాక్టరు ఎప్పుడొస్తాడో చెప్పే నాథుడు లేడు. ఇన్నేళ్ళుగా ఈ వార్డులో తిరుగుతున్నా ఇదంతా తన కంటపడలేదేమిటా అని ఆవిడకి ఆశ్చర్యం వేసింది.

ఆ సాయంత్రమే బల్లలన్నీ తలవైపుకి జరిపించింది. వంతులవారీగా ఒక నర్సు వార్డంతా చుట్టి, పిలవకముందే నీళ్ళూ ఫ్యానూ చూసి, డాక్టరు వచ్చే వేళ చెప్పాలంది. “ఇదో కొత్త చాకిరీ” అని నర్సులు సణిగారు. కానీ వారం తిరక్కుండానే గంటల మోత సగానికి సగం తగ్గింది. నెలాఖరుకి ఓవర్‌టైమూ దిగింది. మేనేజరు నర్సుని తీసేసే మాట మళ్ళీ ఎత్తలేదు. కొత్తగా ఇంకొకర్ని ఇవ్వమంటే మాత్రం మొహం చాటేశాడు.

కిటికీ పక్క ముసలాయన ఒక్కడే గంట కొట్టడం మానలేదు. నీళ్ళు అందుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది.

“మరెందుకు తాతా పిలుస్తావు?”

“ఏం లేదమ్మా. మోగిస్తే వస్తారా, రారా అని.”

ఆవిడ నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన తన ఇద్దరు కోడళ్ళ తగువు మొదటినుంచీ చెప్పసాగాడు. అది ఓ పట్టాన తేలే తగువు కాదు.