నాలుగో చరణం దాక పోని పాట

బుధవారం పొద్దుగాల దుకాణం షట్టర్ లేపుతుంటె ఫోన్ మోగింది. జనగామ బస్టాండ్ పక్కన నాది చిన్న జిరాక్స్ దుకాణం. పొద్దున్నే ఫోన్ చేసెటోడు ఎవడైనా అర్జంటు గిరాకీనే అయి ఉంటడని ముందు ఎత్తలే. మళ్ళ మోగింది. పేరు చూసిన. సత్తెన్న! ఎనిమిదేండ్ల తర్వాత!

"ఓదెలూ, శనివారం ఖాళీగున్నవారా?" అన్నడు, నిన్న మొన్ననే కలిసి విడిపోయినట్టు. "రాయదుర్గం కాడ ప్రోగ్రాం ఉన్నది. నా పక్కన నిలబడి జర కోరస్ అందుకోవాలె. ఇప్పుడు ఒక్కన్నే పాడుతున్న. సగం మంది చప్పట్లు కొడుతున్నరు, సగం మంది లేచిపోతున్నరు. అందుకునెటోడు పక్కన లేకుంటె కాళ్ళల్ల బలం ఉంటలేదురా."

తెల్వనోళ్ళకు చెప్పాలె. ఉద్యమం దినాలల్ల మా దిక్కు సత్తెన్న పాట లేని మీటింగ్ లేకుండె. పదకొండేండ్లు ఆయన ఎడమ దిక్కు నిలబడ్డోణ్ణి నేను. మా దాంట్ల పాట వేసెటోడు ఒకడు, అందుకునెటోడు ఒకడు. వేసినోడు ఊపిరి తీసుకునే లోపల అందుకోకుంటె పాట కింద పడ్డట్టే. రాష్ట్రం వచ్చినంక ఎవరి పొట్ట వాళ్ళం చూసుకున్నం. నేను జిరాక్స్ మిషన్ కొన్న. ఆయన కొన్నేండ్లు సర్కారు స్టేజీల మీద పాడి, అది కూడ విడిచిపెట్టి, పుప్పాలగూడల ఒక రూం కిరాయికి తీసుకొని కొత్త పాటలు కట్టుడు షురూ చేసిండు. ఆ పాటలు ఫోన్ల విన్న. నిజం చెప్తున్న, నాకు నచ్చలే. ఇంత చేదు ఏందన్నా అని అడుగుదామనుకున్న గని, అడిగేంత చనువు అప్పటికి మిగల్లే.

ఆ మాపటికే పాట పంపిండు, ఆయన గొంతుతోనే. బాణీ గుర్తుపట్టిన. పాతదే! ఒకప్పుడు ఆయన "తియ్యి తలుపు, తియ్యి తలుపు" అని వేస్తె, "వస్తున్నం మేం వస్తున్నం" అని మేం అందుకునేది. వేల మంది అందుకునేది. ఇప్పుడు కూడ ఆయన "తియ్యి తలుపు, తియ్యి తలుపు" అనే వేసిండు. కోరస్ మారింది: "లోపలున్నది మనోళ్ళే." బాణీ ఉంచి మాటలు మార్చుడు మాకేం కొత్త గాదు. నాట్ల పాట బాణీల కరువు పాట కట్టినోళ్ళం. నాలుగు చరణాలు కాగితం మీద రాసుకొని మూడు దినాలు మిషన్ చప్పుడుకు తాళం కలిపి పాడుకున్న. "గిరాకి బెదిరి పారిపోతది, జర మెల్లగ" అని మా ఇంటామె నవ్వింది.

శనివారం పదిన్నరకు స్టేషన్ల ఉన్న. ప్యాసింజర్ ఇరవై నిమిషాలు లేటు. దాని మీద కోపానికొస్తె మనకే బీపీ లేస్తది. కిటికి పక్కన సీటు దొరికింది. ఆలేరుల ఉడకబెట్టిన పల్లీలు కొని, నములుకుంట కూనిరాగం తీస్తున్న. ఎదురుంగ కూసున్నాయన చెవి ఇటు పెట్టిండు. గచ్చిబౌలి దిక్కు సెక్యూరిటీ డ్యూటీ అట, రెండు దినాలు ఊరికి వచ్చి మళ్ళ పోతుండు.

"గిది సత్తెన్న పాట గదా? మొన్న మా బిల్డింగ్ కాడ పాడిండన్నా. నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినై. మా సూపర్‌వైజరేమో ఈయనకేం తక్కువైందని ఏడుస్తుండు అన్నడు. ఆ దినం ఇద్దరం మాట్లాడుకోలే."

పక్క సీట్ల పెద్దమనిషి పేపర్ మడిచి, "కొట్లాడి తెచ్చుకున్నదాన్ని మళ్ళ తిట్టుకునుడు, అదేం పాటనయ్యా?" అన్నడు. ఇద్దరూ నా దిక్కు చూసిన్రు. నేను పల్లీల పొట్టు దులుపుకుంట కూసున్న.

ఒంటిగంటకు సికింద్రాబాద్ల దిగిన. స్టేషన్ ముందర ఒక హోటల్ల మీల్స్ తిన్న. పప్పు మంచిగుండె, సాంబారు మాత్రం నీళ్ళ తీరు. అక్కడికెళ్ళి నడిచిపోయి మెట్రో ఎక్కిన. కొత్తగ పోయెటోళ్ళు యాది పెట్టుకోండ్రి, సికింద్రాబాద్ ఈస్ట్‌ల నీలం లైన్ ఎక్కితె మధ్యల ఎక్కడా మారే పని లేదు. రాయదుర్గం ఆఖరి స్టేషన్, కునుకు తీసినా ఫికర్ లేదు. నేను కునుకు తియ్యలే. కాగితం తీసి నాలుగో చరణం మళ్ళొకసారి చూసుకున్న. పక్కన ఒక పిల్ల ఒళ్ళె కంప్యూటర్ పెట్టుకొని, "రేపటికి ఇస్తానండి, ప్లీజ్ అండి" అని ఎవరినో బతిమాలుతనే ఉన్నది.

రాయదుర్గంల మెట్లు దిగంగనే ఎండ రెండు దిక్కుల కొట్టింది, పైనుంచి ఒకటి, బిల్డింగుల అద్దాల మీదికెళ్ళి ఒకటి. మెట్ల కింద చాయ్ బండి కాడ సత్తెన్న నిలబడి ఉన్నడు. జుట్టంత తెల్లగైంది. నన్ను గట్టిగ పట్టుకొని, "అరె, పొట్ట వచ్చిందేందిరా! ఈ పొట్టల ఊపిరి ఏడ పడతది?" అన్నడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒకప్పుడు ఇదే దిక్కు గుట్టల మీద రాళ్ళు కొట్టెటోళ్ళ మీటింగుల పాడినం ఇద్దరం. ఇప్పుడా గుట్ట ఏ బిల్డింగ్ కింద ఉన్నదో ఇద్దరికీ తెల్వలే. చాయ్ తాగుకుంట కాసేపు వెతికి, ఊకున్నం.

ప్రోగ్రాం ఆఫీసుల నడుమ గడ్డి మైదానంల. ఏర్పాటు చేసినామె పేరు మాధవి. భీమవరం దిక్కు ఆమె. "నమస్కారమండి. దాపరికం ఎందుకు, మా వాళ్ళలో సగం మంది మిమ్మల్ని పిలవమన్నారు, సగం మంది వద్దన్నారు. పాత పాట ఒక్కటి పాడితే బాగుంటుందండి, అందరూ కలిసిపోతారు" అన్నది.

"బాణీ పాతదే తల్లీ" అన్నడు సత్తెన్న.

ఐదున్నరకు షురూ అయింది. ముందర కుర్చీలల్ల మెడల కార్డులేసుకున్నోళ్ళు. ఎనక తాడు కట్టినకాడ హౌస్‌కీపింగ్ అక్కలు, డ్రైవర్లు, వాచ్‌మెన్లు నిలబడ్డరు. మొదటి రెండు పాటలు ఆయన ఒక్కడే పాడిండు. ఆయన తెచ్చిన డప్పు నేను కొట్టిన. రెండో పాటల, కొలువు రాంగనే గొంతు పోయినోళ్ళ సంగతి వచ్చింది. ఒక వరుస వరుసే లేచి పోయింది. ఒకాయన నిలబడి, "మమ్ముల తిట్టనీకి పిలిచినమా నిన్ను?" అన్నడు. ఇంకొకాయన, "నిజం చెప్తె తిట్టినట్టే ఉంటది, కూసోరాదు!" అన్నడు. ఇద్దరూ ఒకే ఆఫీసోళ్ళంట. సత్తెన్న కొట్లాటకు పోలే. నీళ్ళు తాగి, నా దిక్కు చూసి, తల ఊపిండు. మూడో పాట నాతోని పాడేది. దాని కోసమే నన్ను పిలిచిండు.

"తియ్యి తలుపు, తియ్యి తలుపు!" అని వేసిండు.

"వస్తున్నం మేం వస్తున్నం!" అన్న.

పాత కోరస్! నాలిక కరుచుకున్న. గని అప్పటికే అయిపోయింది. ముందరి కుర్చీలల్ల నలభై ఏండ్లోళ్ళు, ఆ దినాలల్ల కాలేజీల చదివినోళ్ళు, ఎగిరి లేచిన్రు. లేచిపోయిన వరుస కూడ ఎనక్కి తిరిగింది. సత్తెన్న నవ్విండు. పొరపాటు అనుకున్నడు, పొరపాటు ఎవరికైనా అయితది. చెయ్యి కొద్దిగ లేపి ఆగమన్నట్టు చూపి, ఈసారి నాకు అందేటట్టు నిదానంగ వేసిండు.

"తియ్యి... తలుపు... తియ్యి తలుపు..."

"వస్తున్నం మేం వస్తున్నం!"

మైదానమంత అందుకున్నది. సత్తెన్న మొదటి చరణం పాడిండు, అవతల వినపడలే. రెండో చరణం సగం దాక పోయిండు. ఆయన మాట ముగిసే లోపలనే జనం పాత కోరస్ పాడుతున్నరు, చప్పట్లు, ఈలలు. నేను డప్పు ఆపలే. ఆయన మెల్లగ మైకు దించిండు. జనానికి దండం పెట్టి, దిగిపోయిండు. "సూపరండి! చూశారా, అందరూ కలిసిపోయారు!" అని మాధవి గారు నా చెయ్యి పట్టి ఊపింది. ముగ్గురు నలుగురు వచ్చి నాతోని ఫోటో దిగిన్రు. తాడు ఎనక ఉన్నోళ్ళు బకెట్లు తీసుకొని మళ్ళ పనికి పోయిన్రు.

ఆటోల పుప్పాలగూడ పోయినం. రూంల జొన్నరొట్టె, కోడిగుడ్డు కూర పెట్టిండు. ముద్ద నోట్లె పెట్టుకోక ముందే, "నోటికి రాలేదన్నా. పాతదే అలవాటు, అదే వచ్చింది" అన్న.

"నీదేం తప్పురా? మూడు దినాలల్ల ఎట్ల వస్తది? నెల ముందు పంపాల్సింది నేను" అన్నడు. నన్ను నమ్మిండు. రొట్టె తుంచి నా పళ్ళెంల ఇంకొంచెం కూర వేసిండు.

ఆదివారం పొద్దుగాల చాయ్ గ్లాసు చేతికిచ్చుకుంట, "ఆ పాట ఇగ పాడనురా" అన్నడు. "రాత్రంత ఆలోచన చేసిన. జనానికి ఆ బాణీల ఆ మాటలే కావాలె. గుంజుకుంటె మంచిగుండదు." నేను వద్దనాలె. అన్నా, జనం కాదే, నేను అని చెప్పాలె. గ్లాసుల చాయ్ అయిపోయేదాక టైమున్నది. చెప్పలే. "నీ ఇష్టం అన్నా" అన్న. బస్సు దాక వచ్చి సాగనంపిండు. మళ్ళ రమ్మని అనలే.

సికింద్రాబాద్ల పదింటి బండి దొరికింది. భీడ్ ఎక్కువ లేదు, సీట్లు ఖాళీగనే ఉన్నై. బండి కదిలినంక ఎదురు సీట్లకు ఒకామె వచ్చి కూసున్నది. నన్ను రెండు మూడు సార్లు చూసి, "నిన్న డప్పు కొట్టింది నువ్వే గదన్నా?" అన్నది. పేరు యాదమ్మ. ఆ ఆఫీసులల్లనే హౌస్‌కీపింగ్. ఆలేరుల తల్లి ఉన్నదట, ఆదివారం పోయి చూసి వస్తదట.

"మంచిగ కొట్టినవ్ గని అన్నా, ఆ పాట మధ్యల ఆగిపోయింది గదా. తలుపు ఎవరో మూసిన్రని ఏదో పాడుతుండె ఆయన. ఇనపడలే. బకెట్ పక్కకు పెట్టి నిలబడ్డ నేను. తర్వాత ఏమున్నది?"

చెప్పి ఊకుందామనుకున్న. గని మాటలు చెప్తె పాట గాదు. కిటికి దిక్కు తిరిగి మెల్లగ అందుకున్న. మొదటి చరణం అయింది. రెండోది అయింది. కోరస్ ప్రతిసారీ "లోపలున్నది మనోళ్ళే" అనే వచ్చింది, ఒక్కసారి కూడ పాతది రాలే. భువనగిరి దాటింది. మూడో చరణంల యాదమ్మ గొంతు కూడ కలిపింది. కాగితం జేబుల నుంచి తియ్యనే లేదు. నాలుగోది పాడిన.

"తాళమేసినోడెవడని
గల్లి గల్లి తిరిగి అడిగితి
జేబులోన సెయ్యి వెడితె
తాళంసెవి నా కాడనే..."

యాదమ్మ కోరస్ అనబోయి ఆగింది. "అయ్యో, తననే తిట్టుకున్నడా ఆయన! మనల తిడుతుండని గదా అంత మంది లేచిపోయింది. ఇది ఇంటె పోయెటోళ్ళు గాదు."

అవును. పోయెటోళ్ళు గాదు. ఆ చరణం ఉన్నదని ఆ మైదానంల తెలిసినోళ్ళు ఇద్దరమే. ఒకడు పాడబోయిండు, ఒకడు పాడనియ్యలే. ఇప్పటికి చాన ఊర్లు తిరిగిన, బస్సులు తప్పిపోయినై, సంచి పోయింది, ఒకసారి లాఠీ దెబ్బ కూడ తిన్న. ఇంత నష్టం చేసి వచ్చిన ప్రయాణం ఇదొక్కటే. మీరెవరన్న రాయదుర్గం పోతె మంచి చాయ్ దొరుకుతది, మెట్రో సుఖం. ఈ పాట మాత్రం సత్తెన్న నోట ఇగ దొరకదు.

ఆలేరు వస్తుంటె యాదమ్మ సంచి భుజానికేసుకొని లేచింది. తలుపు కాడికి పోయి మళ్ళ తిరిగి చూసింది.

"ఒక్క మాట తప్పకుండ వచ్చింది గదన్నా. నిన్న ఏమైంది మరి?"

"ఏం గాలేదమ్మా" అన్న. మొదటిసారి అలవాటుల వచ్చింది నిజమే. రెండోసారి తెలిసే పాడిన, ఆ జనం ఇంకొక్కసారి నా కోసం లేస్తరని.