లంక గడప, ఎల్లారెడ్డి పరదా

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. కానీ అది జరిగేనాటికి నాకు అక్షరాలు రావు. బస్సు మీద రాసింది కామారెడ్డో ఎల్లారెడ్డో డ్రైవర్ ముఖం చూసి పోల్చుకునేదాన్ని. యాభై దాటాక మహిళా సంఘం సాయంత్రం బడిలో కూర్చుని నేర్చుకున్నాను. ఇన్నాళ్ళూ మా చెల్లెలు సువర్ణ ఈ కథను తనకు నచ్చినట్టు ఊరంతా చెప్పుకుంది. ఇక నా వంతు. సముద్రం దాటి వెళ్ళి నేను చేసిన ఘనకార్యం చదివాక కూడా ఎవరైనా నా చేతికి ఫోన్ ఇచ్చి ఫోటో తియ్యమంటే, అది మీ ఖర్మ.

సువర్ణకు ఎల్లారెడ్డిలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళి కుదిరిన జంటలను పరదా ముందు నిలబెట్టి ఫోటోలు తీస్తుంది. ఆ పరదా మీద మంచుకొండలు. పెళ్ళికొడుకు ముందు చెమట, వెనక మంచు. అది పాతబడి, కొండలన్నీ బూజు పట్టిన జొన్నరొట్టెల్లా తయారయ్యాయి. సరిగ్గా అప్పుడే నేనూ, మా పక్కింటి షాహీనూ కామారెడ్డి యాత్రల వాళ్ళతో శ్రీలంక బయలుదేరాం. సువర్ణ మంచి ఫోన్ ఒకటి నా చేతిలో పెట్టింది.

"అక్క, సముద్రం, పాత రాతి గుడి, కొబ్బరి చెట్లు. గదే మన కొత్త పరదా. ఫోటోల మనిషి మాత్రం ఉండొద్దు. పెద్దింటోళ్ళకు కొత్త పరదా అని మాటిచ్చిన. మాట పోతే గిరాకీ పోతది."

మొదట పగడాల దిబ్బలు చూపించారు. అడుగున అద్దం ఉన్న పడవ, అద్దం కింద రంగురంగుల చేపలు. నేను ఒక్కచోట కూర్చునే మనిషిని కాను. ఇటు వంగి, అటు వంగి, పక్కవాళ్ళ ఒళ్ళో పడి మరీ తీశాను. పంపించగానే సువర్ణ ఫోన్.

"చేపలేవి అక్క? అన్నిట్ల నీ మొఖమే ఉన్నది."

నిజమే. అద్దంలో నేనే పడ్డాను. ప్రతి పగడం మీదా నా ముక్కుపుల్ల మెరుస్తోంది.

"నువ్వు లేని ఫోటో ఒక్కటన్న తియ్యి," అని పెట్టేసింది.

మర్నాడు సముద్రం ఒడ్డున పాడుబడ్డ రాతి గుడికి వెళ్ళాం. కప్పు లేదు, గోడలు లేవు. స్తంభాలు, ఒక రాతి ద్వారం, అందులోంచి నీలంగా సముద్రం. ఫోన్‌లో చూస్తే అన్నీ కుదిరాయి. ఒక్కటే నన్ను నిలవనివ్వలేదు. ఆ రోజు శుక్రవారం, అది బోడి గడప. మా దగ్గర శుక్రవారం గడపకు పసుపు లేకపోతే ఆ ఇంట్లో ఏదో జరిగిందని పలకరించడానికి వచ్చేస్తారు. అలాంటి గడప ముందు కొత్త జంటను నిలబెట్టడమా? నా సంచిలో పసుపు కుంకుమలు ఎప్పుడూ ఉంటాయి.

"అక్క, గీడ బోర్డు పెట్టిండ్రు, ఏమో రాసిండ్రు," అంది షాహీన్.

దాని మీద మూడు భాషలున్నాయి. నాకు మూడూ ఒకటే. "ఏం రాస్తరు, చెప్పులు ఇడువుమని రాస్తరు," అని భక్తిగా చెప్పులు విడిచాను.

గడప నిండా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, తృప్తిగా ఫోటోలు తీసుకుంటున్నాను. ఈల వినబడింది. కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. ఈ రాయి మీ ముత్తాతల కంటే పెద్దది, దీన్ని ముస్తాబు చెయ్యమని ఎవరు చెప్పారని అడుగుతున్నాడని మా గైడు వివరించాడు.

"తప్పయింది బిడ్డ. గని ఇయ్యాల శుక్రవారం గద," అన్నాను. గైడు మొదటి మాట మాత్రమే చెప్పాడు.

పసుపు ఫోటోలన్నీ అతని ఎదుటే చెరిపించాడు. తర్వాత నీళ్ళూ, మెత్తని గుడ్డా ఇచ్చి కడగమన్నాడు. కొంగు దోపి, గొంతుక్కూర్చుని తోమాను. పసుపు అంత తేలిగ్గా వదులుతుందా? షాహీన్ సాయం చెయ్యకుండా దూరంగా నిలబడి, నవ్వుతూ నా ఫోన్‌తోనే నన్ను ఫోటో తీసింది.

గడప తెల్లబడేసరికి మా బస్సు హారన్ కొడుతోంది. సువర్ణ ఫోన్ మీద ఫోన్. పరదా అచ్చువేసే అతను ఎదురుగా కూర్చున్నాడట. మిగిలింది షాహీన్ తీసిన ఫోటో ఒక్కటే. అద్భుతంగా ఉంది. సాయంకాలపు ఎండ, సముద్రం, తడిసి మెరిసే గడప. మరి నేను? రాతిరంగు చీరలో ముడుచుకుని ఒక మూల.

"నువ్వు కనవడుతలేవు అక్క, రాయి లెక్కున్నవ్," అని షాహీన్ హామీ ఇచ్చింది. పంపించాను.

"ఫోటో అంటే గిది," అంది సువర్ణ.

తిరిగొచ్చాక పరదా చూద్దామని ఎల్లారెడ్డి వెళ్ళాను. అప్పుడే వేలాడదీశారు. ఫోన్‌లో చీమంత ఉన్న రాయి గోడంత పరదాలో నిలువెత్తు ఆడమనిషి అయింది. చేతిలో గుడ్డ, దోపిన కొంగు, లోకానికి వీపు. సువర్ణ ఒకసారి పరదాను, ఒకసారి నన్ను చూసింది. బయట ఆటోలోంచి పెళ్ళివాళ్ళు దిగుతున్నారు.

"పిలగాన్ని గీడ నిలవెడితే నువ్వు మాయమైతవ్," అని గొణిగింది.

పెళ్ళికొడుకు మునక్కాయంత ఉన్నాడు. అతనికి రెండు పక్కలా నేను పొంగిపొర్లాను.

పెళ్ళికూతురి తల్లి అద్దాలు పెట్టుకుని పరదా దగ్గరికొచ్చింది. చాలాసేపు చూసింది. గిరాకీ పోయిందని సువర్ణ ముఖం పాలిపోయింది.

"ఈమె ఎవరో గని పనిమంతురాలు," అందావిడ. "గడప అద్దం లెక్క కడిగింది. గని పసుపు పెట్టుడు మర్చింది. బోడి గడప ముంగట నా బిడ్డను నిలవెడుతరా? పసుపు పెట్టి పిలువుండ్రి, రేపొస్తం."

ఆ సాయంత్రమే ఒట్టు పెట్టుకున్నాను. పరాయి దేశపు రాళ్ళ జోలికి, గడపల జోలికి, శుక్రవారాల జోలికి బొందిలో ప్రాణం ఉండగా పోను. అప్పుడు నోటితో అన్న మాటకు ఇప్పుడు నా చేత్తో సంతకం కూడా పెడుతున్నాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు మళ్ళీ ఎల్లారెడ్డి వెళ్ళాను. చేతిలో పసుపు రంగు డబ్బా, సన్న బ్రష్షు. పరదాలో గడప కడుగుతున్న నా పక్కనే గొంతుక్కూర్చుని, నిదానంగా, ఏ ఈలా వినబడకుండా, ఆ గడపకు పసుపు పెట్టాను.