గంగాదేవి ఫోనులో మ వత్తు

పటమటలో చర్చి వెనక వీధికి ఇరవయ్యారేళ్లుగా గంగాదేవి కేకే గడియారం. శుక్రవారం ఎనిమిదిన్నరయిందంటే చాలు, వీధి మొదట్లో ఆమె గొంతు లేచేది. కృష్ణలంకలో చీకటుండగానే లేచి, టోకు మార్కెట్లో చేపల్ని మొప్పలెత్తి చూసి మరీ ఏరుకుని, బెంజ్ సర్కిల్ దాకా ఆటోలో వచ్చి, అక్కణ్ణించి సత్తు బేసిను నెత్తిన పెట్టుకుని నడిచేది. అందరిలా ‘చేపలోయ్’ అని ఊరికే అరిచే మనిషి కాదు. ఏ గుమ్మం ముందు ఆ గుమ్మాన్ని పిలిచేది.

“టీచరమ్మా! బొచ్చె తెచ్చా, ఇంకా తోకాడిస్తంది, రా తల్లీ!”

ఆ ‘మ్మా’ దగ్గర గొంతుని ఎంత సాగదీసేదంటే, పెరట్లో బట్టలుతుక్కుంటున్న స్టెల్లా టీచరు చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరకొచ్చేదాకా ఆ పిలుపు ఆగేది కాదు. స్టెల్లాది నికార్సయిన కతోలిక కుటుంబం. ఆ వీధిలో సగం ఇళ్లు అలాంటివే. ఈస్టరు పండగకి ముందొచ్చే తపస్కాలం నలభై రోజుల్లో శుక్రవారం పూట మాంసం ముట్టరు. అందరిళ్లలోనూ చేపే ఉడకాలి. గంగాదేవికి ఏడాది మొత్తం ఒక ఎత్తు, ఆ శుక్రవారాలు ఒక ఎత్తు.

పోయినేడు ఆమె మెడ దగ్గర గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. గొంతుకి ఇబ్బంది రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు, అన్నట్టే అయింది. గడ్డ పోయింది, దాని వెంటే గొంతూ పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాదు. ఇక ఇంటిపట్టున ఉండమని చుట్టాలంతా చెప్పారు. కోడలు భానుశ్రీ మాత్రం ఒక ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. అందులో ఏది రాస్తే అది పైకి చదువుతుంది. గంగాదేవి అయిదో తరగతి దాకా చదివింది. ఒంటి వేలితో, పలక మీద దిద్దినట్టు, అక్షరం అక్షరం వెతుక్కుని మొదటిసారి రాసిన మాట ఇది: “పండగ దాకా తిరుగుతా. వీది కాదంటే బేసిను దించుతా.”

ఫోను ఆ మాటని వార్తలు చదివే అమ్మాయిలా చదివింది. భానుశ్రీ నవ్వబోయి, అత్తగారి మొహం చూసి ఆగిపోయింది.

తపస్కాలం మొదటి శుక్రవారం ఫోనుకి ప్లాస్టిక్ కవరు తొడిగి, జాకెట్లో దోపుకుని వచ్చింది. స్టెల్లా గేటు తట్టింది. గొంతు సంగతి ముందే విన్న టీచరు సంబరంగా బయటికొచ్చి, “వచ్చావటే గంగా! చిక్కిపోయావేంటే?” అంటూ బేసినులోకి తొంగిచూసి, ఎప్పట్లాగే బేరం మొదలుపెట్టింది.

“మరీ అంత చెప్తే ఎలాగే, కాస్త తగ్గించు.”

పాత గంగాదేవి అయితే, ‘తగ్గదు తల్లీ, నీ మీద ఒట్టు, నీకు కాపోతే ఇంకెవరికిస్తా’ అంటూ బుగ్గలు నొక్కుకునేది. అదంతా రాయాలంటే చేప ఎండిపోతుంది. అందుకని నాలుగక్షరాలు కొట్టింది.

“కుదరదు,” అంది ఫోను, ఖణేల్మని.

స్టెల్లా మొహం ఎర్రబడింది. “ఏంటే అది? అమ్మా తల్లీ అన్న నోటితో ఇవాళ కుదరదూ అని మొహాన కొడతావా? ఫోను రాగానే కొమ్ములొచ్చాయా?”

గంగాదేవి కంగారుగా చెయ్యూపింది. కవరు మీద చేప పొలుసు అంటుకుంది, వేలు జారింది. “కాదు” అని రాయబోయి ఇంకోటేదో నొక్కితే, ఫోను మళ్లీ పాత మాటే చదివింది.

“కుదరదు.”

గేటు పడింది.

రెండో శుక్రవారం ఆమె వీధి మలుపు తిరిగేసరికి స్టెల్లా గేటు ముందు జక్కయ్య చేపల ఆటో ఆగి ఉంది. దాని నెత్తిన మైకు, మైకులో ముందే అరిచి పెట్టుకున్న కేక. టీచరు చేతిలో చేపల సంచీ. గంగాదేవిని చూసి కూడా చూడనట్టు లోపలికెళ్లిపోయింది. ఆమె కొనకపోతే పక్కిళ్లవాళ్లూ కొనరు. స్టెల్లా ఎంచిన చేపే ఆ వీధికి చేప. ఆ రోజు బేసిను సగం నిండుగానే ఇంటికి చేరింది.

“ఏం రాశావో చూపించత్తయ్యా,” అని ఫోను లాక్కుని చదివింది భానుశ్రీ. “కుదరదు, లేదు, రేపు, కాదు... అయ్యో, ఇవి చేపలమ్మే మాటలా? పోలీసు స్టేషన్లో కూడా ఇంకొంచెం నెమ్మదిగా చెప్తారు!”

గంగాదేవి రాసింది: “రాయాలంటే ఏలు పీకుతది.”

భానుశ్రీ బెంజ్ సర్కిల్లో చీరల షాపులో పనిచేస్తుంది. ఆ తెలివంతా ఉపయోగించి, ఒక్కసారి నొక్కితే పలికేలా మాటలు పేర్చిపెట్టింది. ‘రండి మేడమ్, చూడండి.’ ‘తగ్గదండీ.’ ‘లేదండీ.’ ‘థాంక్యూ అండీ.’ పక్కనే, అల్లరి పిల్లలకీ కాకులకీ పనికొస్తుందని ‘ఛీ, పో’ అని కూడా పెట్టింది.

మూడో శుక్రవారం వీధి వీధంతా నవ్వింది. చేపల గంగ చీరల షాపులోంచి మాట్లాడుతోందని వేళాకోళాలు. నవ్విన వాళ్లలో కొన్నవాళ్లు తక్కువ. స్టెల్లా గేటు మూసే ఉంది. అయినా గంగాదేవి ఆ గేటు ముందే బేసిను దించి, నెత్తి మీది చుట్టకుదురు కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. ఇంకో ఇంటివాళ్లు అడిగిన చేపని కత్తిపీట మీద కోస్తుంటే, గోడ మీంచి ఒక పిల్లి దూకి బేసిను అంచుకి మూతి పెట్టింది. రెండు చేతులూ రక్తం. ‘హుష్’ అందామంటే గొంతు లేదు. మోచేత్తో తోస్తూ, చిటికెన వేలితో ఫోను మీద ‘ఛీ, పో’ నొక్కింది. నొక్కాననుకుంది.

“రండి మేడమ్, చూడండి,” అంది ఫోను.

పిల్లి వచ్చింది, చూసింది, ఒక గొరస చేపని నోట కరుచుకుంది.

“థాంక్యూ అండీ,” అంది ఫోను, రెండోసారి కూడా వేలు తప్పి.

కిటికీ వెనక ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు ఆగలేదు. కాసేపటికి గేటు తెరుచుకుని, పైటతో కళ్లు తుడుచుకుంటూ స్టెల్లా టీచరు బయటికొచ్చింది.

“పిల్లికి చేసిన మర్యాద కూడా నాకు చెయ్యలేకపోయావటే?”

గంగాదేవి చేతులు కడుక్కుని ఫోను తీసింది. “కోపమా అండీ” అని రాసి వినిపించింది.

“అండీ ఏంటే నా మొహం! నేనేమన్నా నీకు తాసీల్దారునా? ఇన్నేళ్లు ఏమని పిలిచావో అదే అను.”

గంగాదేవి తల వంచుకుని వెతికింది. ఒక్కో అక్షరానికీ అరనిమిషం. స్టెల్లా నిలబడే ఉంది. చివరికి ఫోను పలికింది.

“టీచరమా.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అదేంటే, గాలి పోయిన టైరులా ఉంది? ఏదీ, ఇలా చూపించు.” టీచరు కళ్లజోడు పెట్టుకుంది. “అదీ సంగతి! మ కింద మ వత్తు ఏదే? అయిదో క్లాసులో నీకు చదువు చెప్పిందెవరు?”

గంగాదేవి వేలు గాల్లో ఆడించింది. వత్తు ఎక్కడుందో తెలీదని. ఇన్నాళ్లూ ‘అమ్మా’, ‘ఒట్టు’ లాంటివన్నీ రాయకపోవడానికి వేలినొప్పి సగం కారణమైతే, ఇది మిగతా సగం. కోడలికి కూడా సిగ్గుపడి చెప్పలేదు.

స్టెల్లాకి అప్పుడర్థమైంది. మెట్టు మీద, చేపల నీళ్ల పక్కనే కూర్చుంది. రోజూ పొద్దున్నే నలభై మందికి తెలుగులో బైబిలు వాక్యం కొట్టి పంపే వేలు ఆమెది. “ఇటు చూడు. మ కొట్టు. ఇదుగో, ఈ పొల్లు గుర్తు. ఇప్పుడు మళ్లీ మ. కిందికెళ్లిందా? దీర్ఘం పెట్టు.”

“టీచరమ్మా,” అంది ఫోను.

గొంతు అదే వార్తల గొంతు. అయినా స్టెల్లా టీచరు తల అటు తిప్పుకుని, ముక్కు తుడుచుకుంది. “ఊఁ, బానే ఉంది,” అంది.

తర్వాత రెండు శుక్రవారాలూ పాఠం మెట్టు మీదే సాగింది. గ వత్తు, ట వత్తు, ల వత్తు వచ్చాయి. భానుశ్రీ పేర్చిన షాపు మాటలు ఒక్కొక్కటే పోయి, వాటి స్థానంలో ‘రా తల్లీ’, ‘ఒట్టు’ చేరాయి.

ఈస్టరుకి వారం ముందు మట్టల ఆదివారం, దానికి ముందు వచ్చే ఆరో శుక్రవారం. మైకు ఆటో ముందొచ్చింది. స్టెల్లా గేటు దగ్గరే నిలబడి చెయ్యూపి పంపించేసింది.

“అదేంటమ్మా, వద్దా?” అన్నాడు జక్కయ్య.

“నీ మైకుని ఏదడిగినా మళ్లీ మొదట్నించీ అరుస్తుంది బాబూ. మా గంగ ఫోను ఆలస్యంగానైనా జవాబు చెప్తుంది.”

గంగాదేవి వచ్చింది, బేసిను దించింది. పక్కిళ్ల ఆడవాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని చేరారు. స్టెల్లా పెద్ద బొచ్చెని వేలితో నొక్కి చూసి, “కాస్త తగ్గించవే,” అంది.

గంగాదేవి రాయడం మొదలుపెట్టింది. అందరూ ఆగారు. ఒకావిడ గిన్నె ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. చాలాసేపటికి ఫోను పలికింది.

“తగ్గదు టీచరమ్మా, నీ మీద ఒట్టు.”

“ఇంతసేపు రాసి చెప్పింది ఇదా!” అంది స్టెల్లా. “ఆ సమయంలో తగ్గించినా అయిపోయేది కదే!” అంటూనే చేపని గిన్నెలో వేయించుకుంది. వత్తులన్నీ సరిగ్గా పడ్డాయని ఒక మార్కు కూడా తగ్గించలేదు.

ఆ సాయంత్రం ఖాళీ బేసిను కడుగుతున్న అత్తగారి దగ్గర చేరింది భానుశ్రీ. “ఈస్టరొచ్చేస్తోంది కదత్తయ్యా. మరి బేసిను దించేస్తావా?”

గంగాదేవి చెయ్యి చీరకి తుడుచుకుని ఫోను తీసింది. ‘దించను’ అని కొట్టి, వినిపించబోయి ఆగింది. చివరి కొమ్ము చెరిపి ఇంకేదో కలిపింది. మ, పొల్లు గుర్తు, మళ్లీ మ, దీర్ఘం. అప్పుడు నొక్కింది.

“దించనమ్మా.”