బిల్బావోలో నేనడిగిన ప్రశ్న

కొత్తగా పరిచయమైన తెలుగు మనిషిని మీరు మూడో మాటగా ఏమడుగుతారు? మొదటిది "తెలుగువాళ్లా?" రెండోది "ఏ ఊరు?" మూడోది ఏమిటో నాకు చెప్పనక్కర్లేదు, మీలో మీరు చెప్పుకోండి. ఆ ప్రశ్నకు వ్యతిరేకంగా నేను ఇరవై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్నాను. కాలేజీ రోజుల్లో వేదికలెక్కి వాదించాను, నెగ్గాను కూడా. అయినా ఒక వాన సాయంత్రం, నన్ను నమ్మిన ఒక పిల్లని నేనే ఆ ప్రశ్న అడిగాను. దాంతో ఆ ఊళ్లో నాకున్న ఒకే ఒక్క మనిషిని పోగొట్టుకున్నాను.

నేనుండేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. ఒక్కదాన్నే ఉంటాను. లాస్ కొలినాస్‌లో ఆఫీసు, హైవే మీద ఇరవై నిమిషాల డ్రైవ్, మళ్లీ అపార్ట్‌మెంటు. మా కాంప్లెక్స్‌లో మెట్లూ వరండాలూ శుభ్రం చేసే మెక్సికన్ స్త్రీ ఒకామె ఉండేది. ఎనిమిదేళ్లు ఒకరినొకరం స్పానిష్‌లో "ఓలా" అని పలకరించుకున్నాం, అంతే. ఒకరోజు పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే ఆమె రెండో అంతస్తు మెట్ల మీద బకెట్ పక్కన కూర్చుని ఏడుస్తోంది. నాకొచ్చిన స్పానిష్ అంతా గుర్తు తెచ్చుకున్నాను. థాంక్స్. చెత్త. రేపు. ఇక్కడ కాదు, అక్కడ. ఏడుస్తున్న మనిషికి అందులో ఒక్క మాటా పనికిరాదు. మన ఇళ్లు తుడిచేవాళ్ల భాషలో మనం నేర్చుకునేది పనులు చెప్పడం మాత్రమే. ఆమె భుజం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. మీటింగ్ టైమైందని వెళ్లిపోయాను.

పదేళ్ల ఉద్యోగానికి ఆఫీసువాళ్లు పది వారాల సెలవిచ్చినప్పుడు స్పానిష్ నేర్చుకోవడానికి వెళ్తానన్నాను.

"స్పానిష్ కోసం స్పెయిన్ దాకానా? మన గ్రోసరీ వెనక మెక్సికన్ల టాకో ట్రక్ దగ్గర నిలబడవే, రెండు వారాల్లో వచ్చేస్తుంది," అంది నా స్నేహితురాలు.

ఆమె అన్నదాంట్లో కొంత న్యాయం ఉంది. కానీ ఇర్వింగ్‌లో ఉన్నంతకాలం ఇంగ్లీషు నన్ను వదలదు. ఇంగ్లీషు, తెలుగు రెండూ చెల్లని చోటికి పోతే తప్ప నాకు నోరు తిరగదనుకున్నాను. "ఏమైంది?" అని ఒక మనిషిని అడగడం నేర్చుకోవాలి. నేను వెళ్లింది అందుకే.

బిల్బావో ఉత్తర స్పెయిన్‌లో బాస్క్ జాతివాళ్ల నగరం. మధ్యలో నది, చుట్టూ కొండలు, పైన ఎప్పుడూ సన్నటి వాన. నేను అద్దెకున్న ఇంటామె డెబ్బై ఏళ్ల మనిషి, భర్త పోయాడు. నాతో స్పానిష్ మాట్లాడేది. ఫోన్లో చెల్లెలితో మాత్రం బాస్క్. స్పానిష్‌కి చుట్టం కూడా కాని భాష అది. గోడకవతల ఆమె నవ్వుతుంటే, నేర్చుకోవడానికి వచ్చిన భాష కూడా ఆ ఇంటి వాకిట్లోనే నిలబడి ఉందనిపించేది.

సాయంత్రం ఏడింటికి ఊరంతా వీధిలోకి వస్తుంది. ఒంటరిగా ఎవరూ రారు. చిన్నప్పుడు బళ్లో కలిసిన జట్టు ముసలితనం దాకా అలాగే ఉంటుంది. ఒక బార్‌లో ఒక చిన్న గ్లాసు వైన్, రొట్టెముక్క మీద ఏదో ఒకటి, పక్క బార్‌లో ఇంకో గ్లాసు. మా ఇంటామెకీ అలాంటి జట్టుంది.

"మొదట తొమ్మిదిమందిమి. ఇప్పుడు ఆరుగురం," అంది.

"ఖాళీ అయిన చోట్లో కొత్తవాళ్లని చేర్చుకోలేదా?"

ఆమెకు నా ప్రశ్న అర్థమైనట్టు లేదు. "ఎవరిని?" అంది.

నేను కౌంటర్ చివర నిలబడి ఆలుగడ్డ ఆమ్లెట్ తినేదాన్ని. అక్కడ ఎవరూ నన్ను అవమానించలేదు. ఎవరూ నావైపు చూడలేదు, అంతే. క్లాసులో అప్పజెప్పే స్పానిష్ తప్ప, మూడు రోజులు నా గొంతు నేను వినకుండా గడిచిన వారం కూడా ఉంది. నాలుగో రోజు బాత్రూంలో అద్దం ముందు నిలబడి "నీళ్లు చల్లగా ఉన్నాయి" అని తెలుగులో గట్టిగా అన్నాను. అది చాలా పెద్ద వాక్యంలా అనిపించింది.

రెండో వారం మా క్లాసులోకి ఒక అమ్మాయి వచ్చింది. విరామంలో కాఫీ మెషీన్ దగ్గర ఫోన్లో, "అమ్మా, క్లాస్‌లో ఉన్నా, తర్వాత కాల్ చేస్తా" అంటోంది. నా కప్పు చేతిలోంచి జారబోయింది.

"తెలుగా?"

"ఓ మై గాడ్. ఆంటీ, మీరు కూడానా?"

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ల యూనివర్సిటీ ఒక సెమిస్టర్‌కి పంపింది. "నాకు తెలుగు వస్తది ఆంటీ, కానీ నా యాక్సెంట్‌కి నవ్వొద్దు. ఓకే?" అంది. నవ్వనని మాటిచ్చి వెంటనే నవ్వాను. ఆమె ఊరుకోలేదు. "మీ స్పానిష్ వింటే మా నానమ్మ స్పానిష్ మాట్లాడుతున్నట్టు ఉంది!"

ఆరోజు నుంచి సాయంత్రాలు నది ఒడ్డున ఇద్దరం నడిచేవాళ్లం. నేను ఇర్వింగ్ నుంచి తెచ్చుకున్న కందిపొడి డబ్బా ఆమెకు దొరికిపోయింది. బార్‌లో ఆలుగడ్డ ఆమ్లెట్ మీద ధారాళంగా చల్లేది. బార్ అతను చిటికెడు అడిగి, నోట్లో వేసుకుని, దగ్గి, మళ్లీ అడిగాడు. నేను వ్యాసాలు రాస్తానని తెలిసి ఆమె ఎంతో ముచ్చటపడింది. తెలుగు చదవడం రాదు కాబట్టి నన్నే చెప్పమనేది. కులం మీద రాసినవన్నీ నడుస్తూ నడుస్తూ చెప్పాను. మధ్యమధ్య ఆగి నా ముఖంలోకి చూసేది. ఎందుకో అప్పుడు అడగలేదు. జట్టు లేని ఊళ్లో మాది ఇద్దరి జట్టని మాత్రం మురిసిపోయాను.

నాలుగో వారం స్కూలువాళ్లు సర్టిఫికెట్ల కోసం ఒక కాగితం నింపమన్నారు. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, తండ్రిదొకటి, తల్లిదొకటి. కాగితంలో రెండు గళ్లున్నాయి. ఆ పిల్ల మొదటి గడిలో వాళ్ల నాన్న పేరు రాసింది, రెండో గడిలో అమ్మ పేరు. రెండూ పెట్టిన పేర్లే, ఇంటిపేర్లు కావు. నేను పక్కనుంచి చూశాను. చూసి ఊరుకోలేదు.

ఆ సాయంత్రం వంతెన మీద ఒకే గొడుగులో నడుస్తూ అడిగాను. "అది మీ నాన్న పేరు కదూ? అసలు ఇంటిపేరేంటి?"

ఆమె ఆగిపోయింది. "వై, ఆంటీ?"

"ఊరికే. అడగకూడదా?"

"మా కాంప్లెక్స్‌లో ఆంటీ కూడా ఊరికేనే అడిగింది." గొంతు పెంచకుండా, నదివైపు చూస్తూ చెప్పింది. "నాకప్పుడు నైన్ ఇయర్స్. ఆ ఆంటీ వాళ్లు నన్ను డాన్స్ క్లాస్‌కి కార్‌లో తీసుకెళ్లేవాళ్లు. ఒకరోజు అమ్మని అడిగింది, మీ సర్‌నేమ్ ఏంటి, మీరు ఎవరు అని. అమ్మ చెప్పేసింది. నెక్స్ట్ సాటర్‌డే నేను బ్యాగ్ వేసుకుని లాబీలో కూర్చున్నా. కార్ ఆగలే. ఆంటీ కార్ ఫుల్ అయిందంట అని చెప్పింది అమ్మ." నావైపు తిరిగింది. "మినీవ్యాన్ ఆంటీ అది. సెవెన్ సీట్స్ ఉంటయ్. ఇద్దరే పిల్లలు వాళ్లకి."

నా నోటి వెంట వచ్చిన మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నాను, కానీ చెప్పాలి. "నేను అలాంటిదాన్ని కాదమ్మా," అన్నాను.

"ఆ ఆంటీ కూడా నైస్ ఆంటీనే."

గొడుగులోంచి బయటికి జరిగి, వానలోనే ట్రామ్ స్టాప్‌కి వెళ్లిపోయింది. నేను గొడుగు పట్టుకుని వంతెన మీద పొడిగా నిలబడ్డాను.

మర్నాటి నుంచి క్లాసులో అటువైపు వరుసలో, ఒక కొరియా అమ్మాయి పక్కన కూర్చుంది. ఎదురైతే "హాయ్ ఆంటీ" అనేది. మర్యాదకేం లోటు చేయలేదు. ఇంకా ఆరు వారాలు మిగిలాయి. సాయంత్రం నది ఒడ్డు, కందిపొడి డబ్బా, నేను.

గదిలో కూర్చుని నా తరఫున వాదించుకున్నాను. పరాయి ఊళ్లో మా ఇద్దరికీ తెలిసినవాళ్లెవరైనా బయటపడతారేమోనన్న ఆశతో అడిగానన్నాను. అబద్ధం. కేవలం కుతూహలం అన్నాను. కుతూహలమైతే ఆమెకు ఇష్టమైన రంగు అడగొచ్చు, అడగలేదే? ఈ రెండు వాదాల్నీ ఎదుటివాళ్లు ఎత్తితే వేదిక మీద రెండు నిమిషాల్లో చీల్చేసేదాన్ని. అసలు సంగతి ఇది. నా ఇంటిపేరు ఎవరూ నన్ను రెండోసారి అడగరు. ఒకసారి వింటే చాలు, కుర్చీ జరిపి కూర్చోమంటారు. కుర్చీ ఎప్పుడూ దొరికే మనిషికి ఆ ప్రశ్న బరువు తెలియదు. నాకు పుస్తకాల్లోంచి తెలుసు. ఆమెకు లాబీలోంచి తెలుసు.

క్షమాపణ రాద్దామని తెలుగులో మూడు పేజీలు రాశాను. ఆమెకు తెలుగు చదవడం రాదని చివరి వాక్యం దగ్గర గుర్తొచ్చింది. ఎవరి కోసం రాశానో నాకే అర్థమై, చించేశాను.

చివరి వారం, కాఫీ మెషీన్ దగ్గర ఆమె ముందు నిలబడ్డాను.

"ఆరోజు ఊరికే అడగలేదు. నిన్ను నా మనసులో ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుసుకోవడానికి అడిగాను. తప్పు."

ఆమె కప్పులో మిగిలిన కాఫీ తాగేసింది. "ఇట్ల ఎవ్వరూ చెప్పలే ఆంటీ. థాంక్స్," అంది. కప్పు పడేసి క్లాసులోకి వెళ్లి, కొరియా అమ్మాయి పక్కనే కూర్చుంది. నదివైపు ఆరోజు కూడా ఒక్కదాన్నే వెళ్లాను. అది ఆమె హక్కు. చేసిన తప్పు ఒప్పుకున్నందుకు బహుమతి అడిగే అలవాటు కూడా మనకు పోవాలి.

ఇర్వింగ్ తిరిగొచ్చేసరికి మెట్లు తుడిచే ఆమె లేదు. మా కాంప్లెక్స్ లీజింగ్ ఆఫీసులో అడిగితే "ఏ లేడీ?" అన్నారు. ఆమె పేరు వాళ్లకు తెలియదు. ఎనిమిదేళ్లలో నేనూ అడగలేదు. ఇంటిపేర్లు ఆరా తీసే మేము, మా మెట్లు కడిగిన మనిషి పేరు ఎరగం. ఆమె కోసం నేర్చుకున్న "ఏమైంది?" నా దగ్గరే ఉండిపోయింది.

తర్వాతి నెలలో ఒక శనివారం, వారంవారం కలిసే మా తెలుగువాళ్లలో ఒకరింట్లో భోజనాలకి కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి కొత్తగా వచ్చిన కుర్ర దంపతులు బిడ్డతో వచ్చారు. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డాం. ఇంటాయన ఆ కుర్రాణ్ణి పలకరించాడు. ఏ ఊరో అయింది. తర్వాత, "సర్‌నేమ్ ఏంటి బ్రదర్?" అన్నాడు. బిడ్డకు పెరుగన్నం పెడుతున్న అతని భార్య చేతిలో చెంచా మధ్యలో ఆగింది. అదివరకు అలాంటి చెంచాలు ఎన్ని ఆగాయో, నేను చూడలేదు.

"ఆ ప్రశ్న వద్దండి," అన్నాను.

"అయ్యో, ఊరికే అడిగా మేడం."

"ఊరికే అయితే అసలే వద్దు."

"ఇక్కడ కూడా ఉపన్యాసమేనా? బిర్యానీ చల్లారిపోతోంది, తినండి మేడం!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ కుర్రాడు కూడా నవ్వాడు, నావైపు చూడకుండా. చెంచా మాత్రం కదిలింది.

అప్పటి నుంచి మూడు శనివారాలు గడిచాయి. ఆ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నా పేరుంది, పిలుపు రావడం లేదు. ఒక్కదాన్నే వండుకుని తింటున్నాను. నాకు బాధగానే ఉంది. కానీ తొమ్మిదేళ్ల పిల్ల బ్యాగు వేసుకుని లాబీలో కూర్చున్న దానితో పోలిస్తే ఇదెంత?

మీకింకా పిలుపులొస్తున్నాయి. ఈ శనివారం ఎక్కడికో భోజనానికి వెళ్తారు, కొత్తవాళ్లెవరో వస్తారు. ఆ మూడో ప్రశ్న అడక్కండి. పక్కవాళ్లు అడిగితే ప్లేటు కింద పెట్టి, అందరికీ వినపడేలా ఆపండి. ఆ కొత్తవాళ్ల పిల్లలు డాన్సుకో ఈతకో వెళ్తుంటే, బండి వాళ్ల లాబీ ముందు ఆపండి. సీటుంది. ఎక్కించుకోండి.