బంద్ రోజు బూడిద మోసిన ఫరిష్తాలు

తెలంగాణ ఇంకా రాని ఆ రోజుల్లో మా వైపు రెండు రకాల మనుషులు ఉండేవారు. రాష్ట్రం కోసం రోడ్డు మీద కూర్చునేవాళ్లు ఒక రకం. వాళ్లు కూర్చున్నందువల్ల పని లేక ఇంట్లో కూర్చునేవాళ్లు రెండో రకం. నేను పొద్దున మొదటి రకం, మధ్యాహ్నం రెండో రకం. జనగామ చౌరస్తా దగ్గరి దీక్షా శిబిరంలో గొంతు చించుకుని, ఆ తర్వాత పక్క సందులోని కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లి ఖాళీ కుర్చీలకు పాఠం చెప్పడానికి సిద్ధంగా కూర్చునేవాణ్ణి. ఆ సెంటర్ యజమానిని మేము సిలబస్ సారు అనేవాళ్లం. ఎన్నడో ఒక్కసారి కంప్యూటర్ నేర్చుకుని, ఆ జ్ఞానాన్ని లామినేషన్ చేయించి దాచుకున్న మనిషి ఆయన. కొత్త సంగతి ఏది అడిగినా "అది సిలబస్‌ల లేదు" అనేవాడు. ఆయన్ని చూసి నేను నవ్వేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసులో పక్కవాణ్ణి చూసి నవ్వడం కంటే సులువైన పని లేదు. నాకు బాగా వచ్చిన పని కూడా అదొక్కటే.

ఆ ఖాళీలోనే పైథాన్ అనే కొత్త కంప్యూటర్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. బుద్ధి ఉన్నవాడు కొత్త భాషలో ముందు నాలుగు చిన్న లెక్కలు చేసి చూస్తాడు. నేను అక్షరాలు వచ్చీరాకముందే, దానితో నా సొంత భాషను పుట్టించాలని కూర్చున్నాను. అందుకు ఇంటర్‌ప్రిటర్ రాయాలి. అంటే మనం రాసిచ్చిన పంక్తుల్ని ఒక్కొక్కటిగా చదివి, చదివినదాన్ని అక్కడికక్కడే చేసి చూపే ప్రోగ్రాం. నా భాషకు 'సఫ్' అని పేరు పెట్టాను. జమాతులో, అంటే అందరూ కలిసి చేసే నమాజులో, నిలబడే వరుసను సఫ్ అంటారు. ఇమాం వంగకముందు వరుసలో ఎవడూ వంగడు. నా పంక్తులు కూడా అంత పద్ధతిగా నడుస్తాయని నా గొప్ప. తొర్రూరులో మౌల్వీ సాబ్ దగ్గర ఖురాన్ చదువుకున్నవాణ్ణి, ఐదు పూటలా జమాతు తప్పనివాణ్ణి కాబట్టి లోకంలోని ప్రతి సమస్యకూ పరిష్కారం నా దగ్గర ఉందని నమ్మేవాణ్ణి. (పరిష్కారం ఉన్నది గ్రంథంలో, నా దగ్గర కాదు. ఆ తేడా అప్పటికి నాకు తెలియదు.)

పేచీ అంతా తప్పుల దగ్గర వచ్చింది. రాసేవాడు తప్పు రాస్తే మిగతా భాషలు అక్కడే ఆగిపోయి తిట్లు మొదలుపెడతాయి. అది నాకు అమర్యాదగా తోచింది. నమాజులో మరిచిపోయి పొరపాటు చేసినవాడు నమాజు వదిలేసి పోడు కదా. చివర్లో ఆ మరుపుకు పరిహారంగా, నుదురు నేలకు ఆనించే సజ్దాలు రెండు ఎక్కువ చేసి ముగిస్తాడు. దాన్ని సజ్దా సహ్వ్ అంటారు. ఎంత దయగల ఏర్పాటు! నా సఫ్ కూడా అంతే. తప్పు వస్తే ఆగదు. అంతకుముందు చేతిలో ఉన్న అంకెతోనే సర్దుకుని ముందుకు పోతుంది. అంతా అయ్యాక "భూల్ చూక్ మాఫ్", అంటే తప్పులుంటే మన్నించండి, అని రెండుసార్లు రాసి సెలవు తీసుకుంటుంది. ఇది లోకంలో ఎవరికీ తట్టని ఆలోచన అని పొంగిపోయాను. ఎందుకు తట్టలేదని మాత్రం ఆలోచించలేదు.

ఇంతలో సెంటర్‌కు పిల్లలు రావడం పూర్తిగా మానేశారు. "ఉద్యమం అయినంక కనవడు తమ్మీ" అని సిలబస్ సారు నన్ను ఇంటికి పంపేశాడు. తొర్రూరులో మా అబ్బా దర్జీ. మిషన్ మీది నుంచి తల ఎత్తకుండానే "క్యా బనాయా రే ఇన్ని దినాలు?" అన్నాడు. (ఇంట్లో మేము మాట్లాడేది ఉర్దూనే. కోపమొస్తే మాత్రం అబ్బా తెలుగులోకి దిగేవాడు, గిరాకీలతో గొడవపడి అలవాటై.)

"భాష తయారు చేసిన అబ్బా."

"ఉన్న భాషలు సాల్తలేవా? ఇంట్ల ఒకటి, బజార్ల ఒకటి మాట్లాడి నాలుక వంకర్లు పోతున్నది. రంజాన్ దాక సూస్త బేటా. నౌకరీ దొరికితే మంచిదే. లేకుంటే వచ్చి గీడ కూసో, కాజాలు కుట్టుడు నేర్పిస్త."

కాజాలంటే నాకు ప్రాణభయం. ఒక భాషకు సృష్టికర్తను, జీవితమంతా గుండీలకు కన్నాలు కుట్టడమా! అదృష్టం కొద్దీ భూపాలపల్లి నుంచి చిన్న మామూ కబురు పంపాడు. చెల్పూర్ కరెంటు ప్లాంటు నుంచి టిప్పర్లలో బూడిద తోలించే కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటర్ మనిషి కావాలట. రమ్మన్న రోజు బంద్ అని తెలిసి ముందు రోజే మామూ ఇంటికి చేరుకున్నాను.

ఆ ఆఫీసు పెద్దను అందరూ ఇంజనీర్ సాబ్ అనేవారు. తెల్లగడ్డం, నవ్వు ఎరగని ముఖం.

"ఏం వస్తది నీకు?"

"సొంత భాష తయారు చేసిన సాబ్."

"ఎవరడిగిండ్రు?"

ఆ ప్రశ్నను నేను గౌరవంగా పట్టించుకోలేదు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సఫ్‌ను ఆఫీసు కంప్యూటర్‌లో తెరిచి, ఆయన చెప్పిన నిన్నటి లెక్క చేసి చూపించాను. ఆరు వందల టన్నుల బూడిద, ముప్పై టిప్పర్లు, ఒక్కోదానికి ఇరవై టన్నులు. కింద 'యార్డు ఖాళీ' అని ఒక ముగింపు మాట. ఇంజనీర్ సాబ్ తల ఊపాడు.

"సరే. ఇయ్యాల బంద్. గంతే బూడిద, టిప్పర్లు సున్నా. ఇప్పుడు తియ్యి."

సున్నాతో భాగించడం కుదరదని బడి పిల్లలకు కూడా తెలుసు. ఏ భాషైనా అక్కడ ఆగిపోవాలి. నా సఫ్ ఆగలేదు. నిన్నటి ఇరవైని పట్టుకుని, ఒక్కో టిప్పరు ఇరవై టన్నులు మోసిందని చెప్పి, 'యార్డు ఖాళీ' అని కూడా ధైర్యంగా ప్రకటించి, "భూల్ చూక్ మాఫ్, భూల్ చూక్ మాఫ్" అని ముగించింది.

ఇంజనీర్ సాబ్ తెర మీది ఇరవై మీద వేలు పెట్టాడు. "టిప్పర్లు లేవు. తోలేటోళ్లు రోడ్డు మీద కూసున్నరు. మరి బూడిద ఎవరు మోసిండ్రు బేటా, ఆకాశం నుంచి దిగిన ఫరిష్తాలా?"

"ఆఖరికి మాఫీ అడిగింది కద సాబ్..."

"గీ లెక్క నేను ప్లాంటోళ్లకు ఇస్త. బూడిద కుప్ప గట్లనే కనవడుతది. గప్పుడు నీ మాఫీని ఏడ అతికించుకోవాలె?" ఆఫీసంతా నవ్వింది. "పో, చాయ్ తాగి పో."

(నౌకరీ లేదని చెప్పడానికి మా వైపు చాయ్ ఇస్తారు.)

ఈయన సిలబస్ సారుకు పెద్దన్న అని తిట్టుకుంటూ వచ్చాను. పొద్దుగూకాక మామూ నన్ను మగ్రిబ్ నమాజుకు తీసుకెళ్లాడు. అక్కడి ఇమాం సాబ్ బంద్ వల్ల పరకాలలో ఆగిపోయాడట. "మా పోరడు మస్తు చదువుతడు" అని మామూ నన్ను ముందుకు తోశాడు. ముందు నిలబడ్డాను. శరీరం అల్లాహ్ ముందు నిలబడింది. మనసు మాత్రం ఇంజనీర్ సాబ్ ముందు నిలబడి, పొద్దున తట్టని జవాబులన్నీ ఇప్పుడు చెబుతోంది. నిలబడి చదివి, వంగి, సజ్దా చేస్తే ఒక రకాతు; మగ్రిబ్‌కు మూడు రకాతులు. మూడోది అయ్యాక కూర్చోవాలి. నేను నాలుగోదానికి లేచి నిలబడ్డాను.

"సుబ్హానల్లాహ్!" అని వెనక నుంచి వినపడింది. ఇమాం తప్పితే వెనకవాళ్లు అనే మాట అది. దేవుణ్ణి పొగుడుతూనే, నీ తప్పు చూసుకోమని హెచ్చరించే పద్ధతి. ఆ గొంతు నాకు తెలుసు. పొద్దున ఫరిష్తాల సంగతి అడిగిన గొంతే. వెంటనే కూర్చున్నాను. చివర్లో రెండు సజ్దాలు చేసి ముగించాను.

అందరూ వెళ్లాక ఇంజనీర్ సాబ్ దగ్గరికి వచ్చాడు. "నడుమల ఎందుకు కూసున్నవ్ బేటా?"

"వెనక నుంచి మీరు చెప్పిండ్రు కద సాబ్."

"నాలుగోది కూడ చదివేసి ఆఖరికి మాఫీ అడుగుతే అయిపోవు గద? నీ మిషన్ గట్లనే చేస్తది గద?"

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ వరుసల్లో నిలబడినవాణ్ణి. ధర్మంలో నాకు తియ్యగా ఉన్న సగాన్నే ఏరుకున్నాను. మాఫీ ఉంది, నిజమే. దానికంటే ముందే, తప్పిన చోట ఆపడానికి వెనక ఒక మనిషి కూడా ఉన్నాడు. (ముందుకు రాగానే వెనకవాళ్లను మరిచిపోయేవాళ్లను రాష్ట్రం వచ్చాక చాలామందిని చూశాను. వాళ్లకు నేనే సీనియర్‌ని.)

మర్నాడు పొద్దున్నే ఇంజనీర్ సాబ్ ఆఫీసుకు వెళ్లి, తప్పు వచ్చిన పంక్తి దగ్గరే సఫ్ ఆగి "సుబ్హానల్లాహ్" అనేటట్టు మార్చి చూపించాను. "దేవుని మాట మిషన్ల పెట్టకు. 'ఆగు' అని రాయి, సాలు" అన్నాడు. అలాగే మార్చాను. టిప్పర్లు సున్నా అని ఇచ్చి చూశాడు. ఆగింది.

"మంచిగున్నది. ఇగ దాన్ని మూసెయ్యి. ఎక్సెల్ వస్తదా?"

"వస్తది సాబ్."

"గది నిన్ననే చెప్పొద్దా? నిన్ననే నౌకరీ అయిపోవు!"

అలా బూడిద టిప్పర్ల ట్రిప్పులు ఎక్సెల్‌లో ఎక్కించే నౌకరీలో చేరాను. ఆ ఎక్సెల్ నాకు నేర్పింది సిలబస్ సారు. అది ఆయన సిలబస్‌లో ఉంది. ఫోన్‌లో అబ్బాకు చెబితే "అల్‌హందులిల్లాహ్" అని, వెంటనే "మరి భాష?" అని అడిగాడు. నేను సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను.

సఫ్ ఇప్పటికీ నా పాత పెన్‌డ్రైవ్‌లో ఉంది. దాన్ని వాడినవాడు భూమ్మీద నేనొక్కణ్ణే. ఎప్పుడైనా తెరిచి టిప్పర్లు సున్నా అని ఇస్తాను. "ఆగు" అంటుంది. ఆ ఇరవై రెండేళ్ల పోరడికి ఈ మాట కాస్త ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదులెండి. అప్పటికే నాలుగో రకాతుకు లేచి నిలబడి ఉండేవాడు.